ముందు బరువు, తరవాత ఇంజిన్: లగ్జరీ కారు ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

మా బావగారిది గుంటూరు, మిర్చి వ్యాపారం. నెలకు నాలుగుసార్లు కార్లో హైదరాబాద్ వచ్చి వెళ్తుంటారు. పాత కారు మార్చాలనుకుని, మూడు బ్రోషర్లు ముందేసుకుని మొన్న ఫోన్ చేశారు. "ఏరా, రెండు లీటర్ల ఇంజిన్‌కి దగ్గర దగ్గర 80 లక్షలా? అంత పెడితే కనీసం మూడు లీటర్లయినా ఉండొద్దా?"

చాలామంది అడిగేది ఇదే. బ్రోషర్లో మొదట కనబడేది సీసీ, తరవాత హార్స్‌పవర్. బరువు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. కానీ కారు గీసే ఇంజినీర్లు మొదలుపెట్టేది ఆ చివరి పేజీ నుంచే. ఇంజిన్ ఎంత పెద్దది అని కాకుండా, అది ఎంత బరువు లాగుతోంది, ఆ బరువు ఎందుకొచ్చింది అని అడిగితే ఎంపిక సగం తేలిపోతుంది. బావగారికి చెప్పిందంతా ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

## ఏమేం చూడాలి

1. బరువు ఎక్కడి నుంచి వచ్చింది?

పెద్ద ఇంజిన్ పెడితే దాన్ని మోసే చట్రం గట్టిగా ఉండాలి. గేర్‌బాక్స్ పెద్దదవుతుంది. వేగం పెరుగుతుంది కాబట్టి బ్రేకులు పెద్దవి కావాలి. బ్రేకులు పట్టాలంటే చక్రాలు పెద్దవి కావాలి. ఇంత పెరిగాక ఆ బరువును లాగడానికి ఇంకాస్త శక్తి కావాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు ఉంటుంది ఈ చక్రం. మంచి డిజైన్ అంటే ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపడం.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1989, 1991 సంవత్సరాల్లో వచ్చిన రెండు కార్లు.

1987లో బీఎండబ్ల్యూ తన 7 సిరీస్‌లో 5 లీటర్ల వీ12 (వీ ఆకారంలో అమర్చిన పన్నెండు సిలిండర్ల) ఇంజిన్ పెట్టింది. మెర్సిడెస్ అప్పటికే కొత్త ఎస్ క్లాస్ పనిలో ఉంది. బీఎండబ్ల్యూకి జవాబుగా 6 లీటర్ల వీ12 తయారుచేసింది, 408 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) శక్తితో. దానితోపాటు రెండు పొరల అద్దాలు, బరువైన తలుపులు, ఎన్నో మోటార్లు వచ్చి చేరాయి. 1991లో డబ్ల్యూ140 పేరుతో వచ్చిన ఆ కారు వీ12 రూపంలో 2,200 కిలోలకు దగ్గరగా తూగింది. అన్ని సౌకర్యాలూ పెట్టించుకుంటే, మనుషులకూ సామాన్లకూ మిగిలే మోత సామర్థ్యం తగ్గిపోయిందని జర్మనీలో పెద్ద చర్చే జరిగింది. సిల్ట్ ద్వీపానికి కార్లను తీసుకెళ్లే రైల్లో పట్టనంత వెడల్పుగా ఉందన్న విమర్శా వచ్చింది. దృఢత్వంలో ఇప్పటికీ ఆ కారుకు పేరుంది, నాకూ దాని మీద గౌరవమే. కానీ తరవాతి ఎస్ క్లాస్‌ను 1998లో తెచ్చినప్పుడు మెర్సిడెస్ బరువును గట్టిగా తగ్గించింది.

ఇంకోవైపు టొయోటా 1989లో లెక్సస్ ఎల్ఎస్400 తెచ్చింది. దాని చీఫ్ ఇంజినీర్ ఇచిరో సుజుకి ముందే కొన్ని గీతలు గీసుకున్నారు. గంటకు 250 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. అమెరికాలో ఎక్కువ పెట్రోల్ తాగే కార్ల మీద వేసే పన్ను పడకూడదు, అంటే గాలన్‌కు 22.5 మైళ్లు రావాలి. మన లెక్కలో లీటరుకు సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో లోపల శబ్దం 58 డెసిబెల్స్ దాటకూడదు. గాలి నిరోధకత 0.29 ఉండాలి. బరువు 1,710 కిలోల లోపే ఉండాలి.

ఈ షరతులన్నీ ఒకదానితో ఒకటి గొడవపడేవే. శబ్దం తగ్గాలంటే మందపాటి పొరలు వేయాలి, దాంతో బరువు పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. సుజుకి బృందం శబ్దాన్ని పుట్టిన చోటే ఆపాలని నిశ్చయించుకుంది. ఇంజిన్, షాఫ్ట్ భాగాలను ఎంతో కచ్చితంగా తయారుచేస్తే వణుకే తక్కువగా పుడుతుంది, దాన్ని కప్పిపెట్టే బరువు అవసరం ఉండదు. 4 లీటర్ల వీ8 ఇంజిన్ బ్లాకును అల్యూమినియంతో చేశారు. డబ్బు పెట్టి బరువు కొనడం ఒక పద్ధతి, డబ్బు పెట్టి కచ్చితత్వం కొనడం ఇంకో పద్ధతి. మీరు చూస్తున్న కారు ఈ రెండింట్లో ఏ దారిలో వచ్చిందో గమనించండి.

మూడో దారి లోహం మార్చడం. 1994లో ఆడి ఏ8 అల్యూమినియం చట్రంతో వచ్చింది. 2012 రేంజ్ రోవర్ అయితే పూర్తి అల్యూమినియం బాడీతో, పాతదానికన్నా 420 కిలోల వరకు తగ్గింది. దాంతో ఏం జరిగిందో చూడండి: పాత బండికి 4.4 లీటర్ల వీ8 డీజిల్ ఇచ్చిన పరుగును కొత్తదానికి 3 లీటర్ల వీ6 డీజిలే ఇవ్వగలిగింది. రెండు సిలిండర్లు, ఒక లీటరుకు పైగా ఇంజిన్ అవసరం లేకుండా పోయింది. నేను చెప్పాలనుకుంటున్నది ఈ ఒక్క కారులో ఉంది.

అయితే అల్యూమినియంతో ఒక ఇబ్బంది ఉంది. రివెట్లతో, జిగురుతో అతికిన బాడీకి దెబ్బ తగిలితే మామూలు వెల్డింగ్ షాపులో పని జరగదు. మీ ఊరికి దగ్గర్లో ఆ పని తెలిసిన వర్క్‌షాప్ ఉందా లేదా అన్నది కొనకముందే కనుక్కోవాలి. 2017 ఏ8లో ఆడి కూడా అల్యూమినియంతో పాటు గట్టి ఉక్కు, మెగ్నీషియం, కార్బన్ ఫైబర్ కలిపి వాడింది. ఎక్కడ ఏ లోహం పనికొస్తుందో అక్కడ అది అన్నమాట.

2. టన్నుకు ఎంత టార్క్?

హార్స్‌పవర్ కాగితం మీద బాగుంటుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు కాలికి తెలిసేది టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. దాన్ని బరువుతో భాగించి చూడండి. ఈ ఒక్క భాగహారం చాలా భ్రమలు పోగొడుతుంది.

3. ఇంజిన్ ఎంత వణుకు లేకుండా పనిచేస్తుంది?

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందకీ వెళ్లే తీరు వల్ల, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒకసారి తిరిగేలోపు రెండుసార్లు సన్నని వణుకు పుడుతుంది. దాన్ని అణచడానికి బ్యాలెన్స్ షాఫ్టులు పెడతారు. వరసగా ఆరు సిలిండర్లుంటే ఆ వణుకులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, ఏ షాఫ్టూ అక్కర్లేదు. పైగా ఒక్కో చుట్టుకు రెండు తోపులకు బదులు మూడు తోపులు అందుతాయి. ఆరు సిలిండర్ల హాయి అని పాతకాలం వాళ్లు అనేది దీని గురించే. దానికి మూల్యం పొడవు. ఇంజిన్ పొడవైతే బానెట్ పొడవవుతుంది, ముందు చక్రాల మీద బరువు పడుతుంది, లేదా వెనక సీటు స్థలం తగ్గుతుంది.

4. కొన్నాక అయ్యే ఖర్చు

టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, ఎయిర్ సస్పెన్షన్. ఇవన్నీ ఇంజిన్ సైజు కన్నా బరువును బట్టే అరుగుతాయి. రెండున్నర టన్నుల కారుకు 21 అంగుళాల టైర్లు నాలుగూ మార్చాలంటే ఎంతవుతుందో కొనకముందే షోరూంలో అడగండి. ఇంకో సంగతి. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పార్కింగ్ ఉంటే దాని మీద ఎంత బరువు మోస్తుందో రాసిన ప్లేటు ఉంటుంది. రెండు టన్నుల పరిమితి ఉన్నచోట ఎలక్ట్రిక్ లగ్జరీ కారు పెట్టడం ప్రమాదం. కారు బుక్ చేశాక ఇది చూసుకుంటే ఆలస్యమే.

## మూడు లీటర్లు, రెండు లీటర్లు: ఈ గీతలు ఎవరు గీశారు?

"ఇంత ఖరీదైన కార్లలో అన్నిట్లోనూ అదే 2 లీటర్ల ఇంజిన్ ఎందుకు?" అన్న బావగారి ప్రశ్నకు ఇంజినీరింగ్‌లో సగం జవాబే ఉంది. మిగతా సగం పన్నుల పుస్తకాల్లో ఉంది.

ఇటలీలో ఒకప్పుడు 2,000 సీసీ దాటిన కార్ల మీద అమ్మకం పన్ను రెట్టింపు ఉండేది. అందుకే మసెరాటి 1981లో 1,996 సీసీ వీ6కి రెండు టర్బోలు తగిలించి బైటర్బో అనే కారు తెచ్చింది. ఫెరారీ కూడా ఇటలీ కోసం ప్రత్యేకంగా 2 లీటర్ల ఇంజిన్లు చేసింది. జపాన్‌లో 1989 పన్ను సంస్కరణ దాకా 2,000 సీసీ గీత దాటితే పన్ను బాగా పెరిగేది, కాబట్టి టొయోటా క్రౌన్ లాంటి పెద్ద కార్లు కూడా 2 లీటర్ల ఇంజిన్లతో అమ్ముడయ్యేవి. చైనాలో 2008 నుంచి సీసీని బట్టి వినియోగ పన్ను ఇలా ఉంది: ఒకటిన్నర నుంచి 2 లీటర్ల వరకు 5 శాతం, రెండున్నర నుంచి 3 లీటర్ల వరకు 12 శాతం, 3 నుంచి 4 లీటర్ల వరకు 25, 4 లీటర్లు దాటితే 40. ప్రపంచంలోనే పెద్ద కార్ల బజారు అది. అక్కడ గీత ఎక్కడుంటే జర్మనీలో ఇంజిన్ అక్కడ ఆగుతుంది. 1,999 సీసీ, 2,998 సీసీ లాంటి అంకెలు ఎక్కువగా కనబడటానికి ఇదొక ముఖ్య కారణం.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లో 2,000 సీసీ, ఆపైన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. కొద్ది వారాల్లోనే మహీంద్రా తన 2.2 లీటర్ల ఇంజిన్‌ను 1.99 లీటర్లకు కుదించి స్కార్పియోలో, ఎక్స్‌యూవీ500లో పెట్టింది. 2016 ఆగస్టులో ఒక శాతం పర్యావరణ సెస్సుతో నిషేధం ఎత్తేశారు. కానీ పెద్ద డీజిల్ ఇంజిన్ మీద కంపెనీలకు ఏర్పడిన భయం అంత తొందరగా పోలేదు.

ఇప్పుడు మన లెక్క వేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ దాటని కార్లకు 18 శాతం. మిగతావాటికి సెస్సు లేకుండా 40 శాతం. ఎలక్ట్రిక్ కార్లకు ఎప్పటిలాగే 5 శాతం. అంటే 1,332 సీసీ మెర్సిడెస్ జీఎల్ఏకీ, 3 లీటర్ల ఈ క్లాస్‌కీ, 4 లీటర్ల వీ8కీ ఒకటే శాతం. పన్ను తక్కువని చిన్న ఇంజిన్ కొనాల్సిన పని ఇక లగ్జరీ కార్లలో లేదు. అదే పన్ను లేని ధర 60 లక్షలైతే పెట్రోల్ కారుకు జీఎస్టీ 24 లక్షలు, ఎలక్ట్రిక్ కారుకు 3 లక్షలు. పూర్తిగా తయారై విదేశాల నుంచి దిగేవాటికి కస్టమ్స్ సుంకం వేరే ఉంటుంది, కాబట్టి ఇక్కడే బిగించిన ఎలక్ట్రిక్ కారుకే ఈ లాభం పూర్తిగా అందుతుంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ఇచ్చారు. మీరు కొనే రోజున అది అమల్లో ఉందో లేదో ఆర్టీఏలో అడిగి చూసుకోండి.

కొన్ని దేశాలు మాత్రం సీసీని వదిలి నేరుగా బరువునే పట్టుకుంటున్నాయి. ఫ్రాన్స్ 2022లో 1,800 కిలోలు దాటిన కొత్త కార్ల మీద కిలోకు ఇంత అని పన్ను వేసింది. 2024లో ఆ గీతను 1,600 కిలోలకు దించింది. పారిస్ నగరం 2024 అక్టోబర్ నుంచి, బయటి నుంచి వచ్చే బరువైన కార్లకు నగరం మధ్యలో గంటకు 18 యూరోల పార్కింగ్ వసూలు చేస్తోంది. రేపటి లగ్జరీ కార్ల ఆకారాన్ని ఈ గీతలు మారుస్తాయని నా నమ్మకం.

## ఒకే తరగతి, అయిదు ఇంజిన్లు

పోలిక న్యాయంగా ఉండాలంటే ఒకే సైజు కార్లు తీసుకోవాలి. ఇండియాలో 2024లో వచ్చిన ఈ క్లాస్‌లో ఒకే బాడీకి మూడు ఇంజిన్లున్నాయి, కాబట్టి ఆధారంగా దాన్నే తీసుకున్నాను. పక్కన ఎలక్ట్రిక్‌కి బీఎండబ్ల్యూ ఐ5 ఎం60, ప్లగిన్ హైబ్రిడ్‌కి (ఇంజిన్‌తోపాటు చార్జ్ చేసుకునే బ్యాటరీ ఉన్న కారు) మెర్సిడెస్ ఏఎంజీ సీ63. ఈ చివరిది మాత్రం ఒక సైజు చిన్నది. బరువులు దగ్గరి అంకెకు సవరించి వేసినవి. మీరు కొనే మోడల్‌కి కచ్చితమైన అంకె డీలర్ దగ్గర తీసుకోండి.

| కారు | ఇంజిన్ | శక్తి | టార్క్ (న్యూటన్ మీటర్లు) | బరువు (టన్నులు) | టన్నుకు టార్క్ |
|---|---|---|---|---|---|
| ఈ200 | 2 లీ. పెట్రోల్, 4 సిలిండర్లు | 204 పీఎస్ | 320 | 1.9 | 170 |
| ఈ220డి | 2 లీ. డీజిల్, 4 సిలిండర్లు | 197 పీఎస్ | 440 | 1.95 | 225 |
| ఈ450 | 3 లీ. పెట్రోల్, 6 సిలిండర్లు | 381 పీఎస్ | 500 | 2.0 | 250 |
| ఐ5 ఎం60 | ఎలక్ట్రిక్, రెండు మోటార్లు | 601 పీఎస్ | 795 | 2.3 | 345 |
| సీ63 | 2 లీ. పెట్రోల్ + ఎలక్ట్రిక్ | 680 పీఎస్ | 1,020 | 2.1 | 485 |

ఈ పట్టికలో చివరి వరసను చూసి అదే గొప్పదని అనుకోవద్దు. దాని సంగతి కింద చెబుతాను.

### రెండు లీటర్ల పెట్రోల్

ముందు భాగం తేలిక. స్టీరింగ్ తిప్పితే ముక్కు వెంటనే తిరుగుతుంది. ఊళ్లో, సిగ్నళ్ల మధ్య, డ్రైవర్ నడుపుతుంటే వెనక కూర్చునేవారికి దీనికి మించి అవసరం లేదు. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరేటప్పుడు 48 వోల్టుల స్టార్టర్ మోటార్ ఇంజిన్‌ను కుదుపు లేకుండా లేపుతుంది, పరుగు మొదట్లో కాస్త తోడు కూడా పడుతుంది.

బలహీనత నిండు లోడుతో బయటపడుతుంది. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ వేసి తిరుమల ఘాట్ ఎక్కుతున్నారనుకోండి. నాలుగు వందల కిలోలు అదనంగా ఎక్కాయి. టన్నుకు 170 కాస్తా 140 దగ్గరికి పడిపోతుంది. గేర్‌బాక్స్ గేరు దించుతుంది, ఇంజిన్ గొంతు పెంచుతుంది. నాలుగు సిలిండర్ల గొంతు అప్పుడు లగ్జరీగా ఉండదు. ఇది నా చెవికి గట్టిగా తెలిసే లోపం, కొందరు పట్టించుకోరు.

### రెండు లీటర్ల డీజిల్

పట్టికలో పెట్రోల్ కన్నా ఏడు పీఎస్ తక్కువ, టార్క్ 120 ఎక్కువ. 0 నుంచి 100కి రెండూ ఏడున్నర సెకన్ల దగ్గరే. కానీ రోడ్డు మీద రెండూ ఒకలా ఉండవు. గుంటూరు నుంచి పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి దాకా వచ్చే రోడ్డులో లారీల వెనక 70లో వెళ్తూ 110కి అందుకోవాలంటే డీజిల్ ఇంజిన్ పెద్దగా అరవకుండా లాగేస్తుంది. నాలుగు వందల కిలోల సామాను ఎక్కినా టన్నుకు 185 మిగులుతుంది, ఒంటరిగా వెళ్తున్న పెట్రోల్ కన్నా ఎక్కువ.

ఇంధనం ఆదా గురించి ఒక అంచనా వేద్దాం. ఏడాదికి 25,000 కిలోమీటర్లు, పెట్రోల్ లీటరుకు 10, డీజిల్ 14 ఇస్తాయనుకుంటే తేడా 700 లీటర్ల పైనే. లీటరు 100 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 70 వేలు. 80 లక్షల కారుకు ఇది పెద్ద అంకె కాదు. అందుకే డీజిల్‌ను మైలేజీ కోసం కాక, లాగే తీరు కోసం తీసుకోమంటాను.

చల్లటి ఉదయం స్టార్ట్ చేయగానే బయట నిలబడ్డవారికి డీజిల్ చప్పుడు వినిపిస్తుంది. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగేవారు దీన్ని తీసుకోకూడదు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ వేడెక్కి శుభ్రపడాలంటే బండి కాసేపు హైవే మీద పరుగెత్తాలి. లేకపోతే డ్యాష్‌బోర్డు మీద లైటు, మీకు టెన్షన్.

### మూడు లీటర్ల ఆరు సిలిండర్లు

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నా మనసు దీని మీదే ఉంది.

ఈ450 0 నుంచి 100కి నాలుగున్నర సెకన్లలో వెళ్తుందన్నది నాకు అంత ముఖ్యం కాదు. 40 కిలోమీటర్ల వేగంలో, ఇంజిన్ నిమిషానికి 1,300 చుట్లు తిరుగుతున్నప్పుడు అది పనిచేస్తున్నట్టే తెలియదు. తనకున్న శక్తిలో మూడో వంతు కూడా వాడకుండా రోజంతా నడుస్తుంది. పెద్ద ఇంజిన్ హాయి అక్కడుంది: బలం ఉండి వాడకపోవడంలో. చిన్న ఇంజిన్ తన బలాన్నంతా తరచుగా బయటికి తీయాల్సి వస్తుంది, అందుకే కష్టపడుతున్నట్టు వినిపిస్తుంది.

కొంతకాలం వీ6లకు వెళ్లిన మెర్సిడెస్ 2017లో మళ్లీ వరస ఆరుకు తిరిగి వచ్చింది. పొడవు సమస్యను ఎలా తీర్చారన్నది చూడదగ్గది. 48 వోల్టుల విద్యుత్ వ్యవస్థ పెట్టి, ఇంజిన్ ముందు బెల్టుతో తిరిగే ఏసీ కంప్రెసర్ లాంటివాటిని విద్యుత్తుతో నడిపారు. బెల్టు పోయింది, ఆ మేరకు ఇంజిన్ పొట్టిదయింది. బీఎండబ్ల్యూ అసలు వరస ఆరును వదలనే లేదు.

ఈ క్లాస్‌లో ఈ ఇంజిన్‌తోపాటు నాలుగు చక్రాల డ్రైవ్ వస్తుంది. ముందు యాక్సిల్ మీద బరువు కాస్త పెరుగుతుంది. గతుకుల్లో ముక్కు భాగం కొంచెం బరువుగా దిగుతుంది. పెట్రోల్ ఖర్చు నగరంలో బాగా తెలుస్తుంది. డబ్బు సరిపోతే, మీరే నడిపితే, ఇదే నా ఎంపిక.

### వీ8

ఇప్పటి పరిస్థితుల్లో వీ8 అవసరం కోసం కొనేది కాదు, ఇష్టం కోసం కొనేది. ఇష్టమైతే తప్పేమీ లేదు. ఒక్కటి మాత్రం గమనించండి: ఇప్పుడు చాలా వీ8లు బ్యాటరీతో కలిసి వస్తున్నాయి. 1985 నాటి మొదటి బీఎండబ్ల్యూ ఎం5 బరువు 1,430 కిలోల దగ్గర ఉండేది, మూడున్నర లీటర్ల ఆరు సిలిండర్లతో. 2024 ఎం5 వీ8 ప్లగిన్ హైబ్రిడ్, 727 పీఎస్, బరువు 2,400 కిలోల పైన. నలభై ఏళ్లలో ఒక టన్ను. పేరు అదే ఉన్నా కారు వేరే తరగతికి వెళ్లిపోయింది.

### ప్లగిన్ హైబ్రిడ్

సీ63 కథ ప్రతి కొనుగోలుదారుకూ తెలియాలి. 4 లీటర్ల వీ8 తీసేసి 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, వెనక ఎలక్ట్రిక్ మోటార్, 6.1 కిలోవాట్ అవర్ బ్యాటరీ పెట్టారు. ఇంజిన్ సగమైంది. బరువు మాత్రం పాతదాని కన్నా 300 కిలోలకు పైగా పెరిగి 2,111 కిలోలైంది. ఇంజిన్ తగ్గిస్తే కారు తేలికవుతుందన్న ఊహ ఇక్కడ తలకిందులైంది. కరెంటు మీద వెళ్లేది 13 కిలోమీటర్లే, ఎందుకంటే ఆ బ్యాటరీని దూరం కోసం కాక, ఒక్కసారిగా శక్తి ఇవ్వడానికి తయారుచేశారు. టన్నుకు 485 అన్న అంకె నిజమే. వీ8 గొంతు కోసం ఆ కారును ప్రేమించినవారికి ఆ అంకె ఓదార్పు కాలేదు.

పెద్ద బ్యాటరీ ఉన్న ప్లగిన్ హైబ్రిడ్ వేరే సంగతి. ఇంట్లో చార్జర్ ఉండి, రోజువారీ తిరుగుడు యాభై కిలోమీటర్ల లోపుంటే బాగా పనికొస్తుంది. చార్జ్ చేయకుండా నడిపితే మాత్రం రెండు వందల కిలోల బ్యాటరీని ఊరికే మోసుకు తిరగడమే.

### ఎలక్ట్రిక్

ఇక్కడ పాత నియమాలు కొన్ని మారిపోతాయి. బరువు మొత్తం నేలకు దగ్గరగా, రెండు యాక్సిళ్ల మధ్య ఉంటుంది, కాబట్టి 2.3 టన్నుల కారు మలుపులో అంత ఒరగదు. సిలిండర్ల వణుకన్న మాటే లేదు. సుజుకి బృందం ఎంతో శ్రమపడి తగ్గించిన ఇంజిన్ శబ్దం ఇక్కడ మొదటి నుంచే లేదు. పైగా చక్రాల బరువుతో పోలిస్తే బాడీ బాగా బరువైతే, చిన్న గతుకులు లోపలికి తక్కువగా తెలుస్తాయి. హైదరాబాద్ ఔటర్ మీద 120లో ఐ5 లాంటి కారు వెనక సీట్లో కూర్చుంటే నిద్ర పట్టేస్తుంది.

కష్టం పెద్ద గుంటల్లో. రెండున్నర టన్నులు ఒక్కసారిగా దిగితే టైరు, రిమ్ము, సస్పెన్షన్ చేతులు అన్నీ ఆ దెబ్బ తినాలి. టైర్లు తొందరగా అరుగుతాయి.

డిజైన్ పరంగా రెండు దారులున్నాయి. బీఎండబ్ల్యూ ఐ5, ఐ7లకు పెట్రోల్ కారు బాడీనే వాడింది. మెర్సిడెస్ ఈక్యూఎస్‌ను ఎలక్ట్రిక్ కోసమే విడిగా గీసి, బానెట్ కుదించి, గాలి నిరోధకతను 0.20కి తెచ్చింది. గాలిని చీల్చడంలో రెండోది గొప్పది, అందుకే దూరం ఎక్కువ వస్తుంది. కానీ నేల కింద బ్యాటరీ ఉండటంతో వెనక కూర్చున్నవారి మోకాళ్లు కాస్త పైకి లేస్తాయి, పైకప్పు వాలు తలకు దగ్గరవుతుంది. వెనక సీటు కోసమే లగ్జరీ కారు కొనే మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. అరగంట కూర్చుని చూడండి, తొడల కింద సీటు ఆనుతోందో లేదో.

## ఎవరికి ఏది

డ్రైవర్‌ను పెట్టుకుని, ఎక్కువగా నగరంలోనే తిరిగేవారు: ఇంట్లో చార్జింగ్ ఉంటే ఎలక్ట్రిక్. లేకపోతే 2 లీటర్ల పెట్రోల్. వెనక కూర్చుని 3 లీటర్ల ఇంజిన్‌కు డబ్బు కట్టడం కన్నా ఆ తేడాతో మంచి వెనక సీట్లు, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న వేరియంట్ తీసుకోవడం మేలు.

జిల్లాల మధ్య తిరిగేవారు, ఏడాదికి పాతిక వేల కిలోమీటర్లు దాటేవారు: డీజిల్. దీనికి నా దగ్గర రెండో మాట లేదు.

తామే నడిపి ఆనందించేవారు: ఆరు సిలిండర్లు, అదీ ఎస్‌యూవీలో కాదు, సెడాన్‌లో. ఎస్‌యూవీలో అదే ఇంజిన్ రెండు మూడు వందల కిలోలు ఎక్కువ లాగుతుంది, ఆ బరువు ఎత్తులో ఉంటుంది. మీ ఊరి రోడ్డుకు ఎత్తు తప్పనిసరైతే తప్ప ఆ మార్పిడి నాకు లాభంగా కనబడదు.

పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు: ఇంజిన్ సంగతి పక్కన పెట్టి ముందు తలుపు ఎత్తు, సీటు ఎత్తు చూడండి. ఎస్‌యూవీకి నేను ఒప్పుకునేది ఇక్కడే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. సొంత ప్రాక్టీస్, వ్యాపారం ఉన్నవారిలో "6,000 పౌండ్లు దాటిన ఎస్‌యూవీ అయితే ట్యాక్స్‌లో కలిసొస్తుంది" అన్న మాట బాగా తిరుగుతుంది. అది కారు అసలు బరువు కాదు, నిండు లోడుతో అనుమతించిన మొత్తం బరువు. వ్యాపారానికి ఎంత వాడారన్నదాన్ని బట్టే లాభం. మీ సీపీఏని (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్‌ని) అడిగి, ఆ తరవాతే అంత బరువు మీకు కావాలో లేదో తేల్చుకోండి.

## టెస్ట్ డ్రైవ్‌లో

షోరూం వాళ్లు ఖాళీ కారులో, నున్నటి రోడ్డు మీద పది నిమిషాలు తిప్పుతారు. దానితో ఏమీ తెలియదు. మీ ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించండి, ఏసీ పూర్తిగా పెట్టండి. ఫ్లైఓవర్ మొదట్లో ఆగి బయల్దేరండి. స్పీడ్ బ్రేకర్‌ను 20లో దాటి ముందు భాగం ఒకసారి ఊగి ఆగుతోందా, రెండోసారి ఊగుతోందా చూడండి. ఆ రెండో ఊపే, బరువుకు తగ్గ సస్పెన్షన్ లేదని చెప్పే గుర్తు. 60 నుంచి 100కి అందుకునేటప్పుడు పాట ఆపేసి ఇంజిన్ గొంతు వినండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ మీద వేళ్లు ఆనించి వణుకు పట్టుకోండి.

బావగారికి ఈ లెక్కలన్నీ చెప్పాక ఈ450 బ్రోషర్ పక్కన పెట్టారు, తానెప్పుడూ నడపనని ఆయనకే తెలుసు కాబట్టి. ఇప్పుడు ఈ220డి, ఎలక్ట్రిక్ మధ్య ఉన్నారు. నార్కట్‌పల్లి దారిలో చార్జర్లు ఎక్కడెక్కడ పనిచేస్తున్నాయో ఈ నెల ట్రిప్పులో డ్రైవర్ రాసుకొస్తున్నాడు. ఆదివారం మళ్లీ షోరూంకి వెళ్తున్నాం. ఈసారి అక్కనీ, అత్తయ్యగారినీ వెనక కూర్చోబెట్టి, డిక్కీలో నాలుగు బియ్యం బస్తాలు వేసుకుని నడిపి చూద్దామన్నాను.